ఇంటి కఱవు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు గృహస్థుని హెచ్చరించిరి. ఆ హెచ్చరిక దేశములకును వర్తించునని నేడు ఐర్లండు చాటుచున్నది.

శతాబ్దమునకు పైగా ఆ దేశము తన బిడ్డలను పరదేశములకు పంపుచునే యుండెను. 1845లో దాపురించిన బంగాళాదుంపల క్షామమున పదిలక్షల మంది కన్నుమూసిరి. ఇంచుమించు అంతమందియు ఓడలెక్కిరి. నేటి ఐరిష్ రిపబ్లిక్కు జనసంఖ్య 1961 నాటికి 28 లక్షలకు దిగెను. 2022లో అది 51 లక్షలు దాటినది. 2024 ఏప్రిల్‌తో ముగిసిన యేడాదిలో సుమారు 1,49,000 మంది వచ్చిరి. 70,000 మంది వెడలిరి. వచ్చినవారిలో ముప్పదివేల మంది స్వదేశమునకు మరలిన ఐరిష్‌వారే.

జనము పెరిగినంతగా ఇండ్లు పెరుగలేదు. 2006లో సుమారు 90,000 ఇండ్లు కట్టిన దేశము, 2008 నాటి ఆర్థిక పతనానంతరము, 2013లో 5,000 అయినను కట్టలేకపోయెను. బ్యాంకులు అప్పులు నిలిపినవి. ప్రభుత్వము గృహనిర్మాణ వ్యయమును కోసివేసినది. పనివారు పొట్ట చేతపట్టుకొని దేశాంతరము పోయిరి. 2022 నాటికే కొరత 2,12,500 ఇండ్లకు తక్కువ కాదని ప్రభుత్వము నియమించిన గృహ కమిషన్ 2024లో తేల్చినది. ఆ యేడు పూర్తియైనవి ముప్పదివేల చిల్లర మాత్రమే.

వలసవలన గిరాకి పెరుగుట అబద్ధము కాదు. ఆ మాట యన్న ప్రతివానిని ద్వేషియని త్రోసిపుచ్చుట న్యాయమును కాదు. జీతములో సింహభాగము అద్దెకు పోయి, ముప్పదియేండ్లు దాటియు తలిదండ్రుల యింటనే తలదాచుకొను యువకుని బాధ నిజమైనది. దానిని పాలకులు చెవినిడనిచో, ద్వేషము నమ్ముకొని బ్రతుకువారు చెవినిడుదురు.

2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయులపై దాడులు జరిగినవి. మన తెలుగు యువకులును చదువులకై, ఉద్యోగములకై చేరుచున్న నగరమది. ఆ దెబ్బలవలన ఎవరి అద్దెయైనను తగ్గినదా? అద్దెగది వెదకుకొను పరదేశియు, స్వదేశ యువకుడును నిలిచియున్నది ఒకే వరుసలో.

దేశములోనికి ఎందరిని రానీయవలెనో నిర్ణయించు హక్కు ప్రతి ప్రభుత్వమునకు కలదు. అయితే పనికి పిలిచిన చేతులను లెక్కించునపుడే వాని వెంట వచ్చు తలలను, ఆ తలలకు వలయు కప్పులను లెక్కించుట దాని విధి. పదేండ్లు ఇండ్లు కట్టకపోయిన దోషము నిన్న వచ్చినవానిది కాదు.