విద్యార్థి పేరిట బేరము

కళాశాలలు తెరచు దినములు వచ్చినవనగా మన పట్టణములలో నొక బేరము సాగుచుండును. మేనమామకు దుకాణపు లెక్కలు వ్రాసికొనుటకు కంప్యూటరు కావలెను. ఇంజనీరింగు చదువుచున్న మేనల్లునివద్ద కళాశాల గుర్తింపు కార్డు గలదు. కంప్యూటరు కంపెనీలు విద్యార్థులకు ధరలో కొంత తగ్గించి యిచ్చును. సొమ్ము మామది, పేరు మేనల్లునిది, యంత్రము దుకాణమునకు. ఇందు దోషమేమని అడుగువారే గాని, దోషమున్నదేమోయని శంకించువారు అరుదు. కావుననే ఈ చిన్న విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ఈ రాయితీ క్రొత్తది కాదు. 1984 జనవరిలో అమెరికాలో ఆపిల్ కంపెనీవారు మెకింటాష్ యంత్రమును 2,495 డాలర్ల ధరకు విడుదల చేసిరి. ఆ కాలముననే కొన్ని విశ్వవిద్యాలయములతో ఒడంబడిక చేసికొని, విద్యార్థులకు చాల తక్కువ ధరకు దానిని సమకూర్చిరి. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయము క్రొత్తగా చేరు విద్యార్థులందఱకును కంప్యూటరు ఉండవలెనని నియమించి, ఈ యంత్రమునే యెన్నుకొనెను. ఇది కేవల ధర్మబుద్ధితో జరిగిన పని యని మేము చెప్పము. విద్యార్థిగా నొక యంత్రమునకు అలవాటుపడినవాడు రేపు సంపాదనాపరుడైన పిదప దానినే కొనునని కంపెనీవారి యాశ. ఐనను ఆ యాశవలన బీదవిద్యార్థికి మేలు కలుగుచున్నది. నేడు మన దేశములోను పలు కంపెనీలు ఇట్టి రాయితీ నిచ్చుచున్నవి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, పెక్కుచోట్ల బిడ్డలకొఱకు కొను తల్లిదండ్రులు దీనికి అర్హులు.

“కంపెనీవారు లాభమునకే అమ్ముచున్నారు; మన మొక యంత్రము కొనినంతమాత్రమున వారు దివాలా తీయుదురా?” అని కొందఱు వాదింతురు. తీయరు. కాని ప్రశ్న యది కాదు. ముంపువలన పంట పోయిన కౌలుదారునకు భూస్వామి ఆ యేటి కౌలు తగ్గించెననుకొందము. పంట చక్కగా పండిన పొరుగువాడు ఆ పేరును అరువు తెచ్చుకొని తానును తగ్గించి కట్టబోయిన, భూస్వామి యూరకుండునా? తనకు వేయి పుట్ల ధాన్యమున్నదిగదాయని సరిపెట్టుకొనునా? అమ్మువాడు ధనికుడైనంతమాత్రమున కొనువానికి అబద్ధమాడు హక్కు కలుగదు. బేదల రేషను కార్డు మేడగలవాని యింట కనబడినప్పుడు మనమందఱము నిందించుచున్నాము. కార్డు మాఱినను పని యొక్కటే.

వర్తకునకు న్యాయమైన మార్గము లేదా? కలదు. కంప్యూటరు ధరమీద 18 శాతము జి.యస్.టి. పడుచున్నది. సాధారణ పద్ధతిలో నమోదైన వర్తకుడు తన వ్యాపారమునకు తన నంబరుతో బిల్లు వ్రాయించుకొని కొనినయెడల, నియమములకు లోబడి ఆ పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. మేనల్లుని పేరిట బిల్లు వ్రాయించినవాడు ఆ హక్కును పోగొట్టుకొనును. వర్తకునికి వర్తకుని వెసులుబాటు, విద్యార్థికి విద్యార్థి వెసులుబాటు ఏర్పడియే యున్నవి. అంత ధర పెట్టలేనివాడు వాడిన యంత్రమును కొనవచ్చును; లినక్సు, లిబ్రె ఆఫీసు వంటివి ఎవరికైనను ఉచితముగానే లభించును.

ప్రతి సందర్భమును ఒకే గాట కట్టుట న్యాయము కాదు. షరతు అనుమతించుచోట తండ్రి కుమార్తె చదువుకొఱకు కొనుట దోషము కాదు. అన్న తరగతికొఱకు కొనిన యంత్రముపై చెల్లెలు సాయంకాలము పాఠము చదువుకొనుట దోషము కాదు. కొన్నేండ్లు వాడి, చదువు ముగిసిన పిదప మఱొకరికి అమ్ముకొనినను ఆక్షేపింపరాదు. కొనునాటికే యంత్రము విద్యార్థికి కాదని యెఱిగియు, విద్యార్థికేయని చెప్పుటలోనే దోషమున్నది.

ఇందు కంపెనీకంటె నెక్కువ నష్టపడువారు ఇరువురు గలరు. మొదటివాడు ఎఱుగని విద్యార్థి. దొంగ పేరులు పెరిగినకొలది అమ్మువారు ఋజువులు బిగింతురు. పెద్ద కళాశాలల పిల్లలకు కళాశాల ఈమెయిలు, ధ్రువపత్రము క్షణములో దొరకును. పల్లెటూరి డిగ్రీ కళాశాలలో చదువు పిల్లవాడు గుమాస్తా చుట్టు తిరుగవలసివచ్చును. రెండవవాడు ఆ మేనల్లుడే. ఫీజు కట్టిన చేయి కార్డు అడిగినప్పుడు అతడు కాదనగలడా? పదివేల రూపాయలు మిగుల్చుకొనుటకై పెద్దవాడు పందొమ్మిదేండ్ల బాలునకు, పేరు కూడ అద్దెకిచ్చు వస్తువేయని నేర్పుచున్నాడు. నేడు కార్డు ఇచ్చినవాడు రేపు అధికారియై సంతకము ఇయ్యడని పూచీ యేమి? లంచగొండితనమును సభలలో ఖండించు పెద్దలే ఇంటిలో దానికి ఓనమాలు దిద్దించుట వింతగాదా?

కంపెనీవారు తమ షరతులను సన్నని యక్షరములలో దాచక, తెలుగున స్పష్టముగా ప్రకటింపవలెను. కళాశాలలవారు చేరికనాడే పిల్లలకు ఈ మాట చెప్పవలెను. అన్నిటికంటె ముందుగా, అడుగువారు అడుగుట మానవలెను. అడిగినను, “మామయ్యా, కార్డు నా చదువుకొఱకు ఇచ్చినది” అని వినయముగా చెప్పగల పిల్లవానిని మందలింపక మెచ్చుకొను ఇండ్లు మనకు కావలెను.