తోపుడు బండి

హైదరాబాదు నగరమునకు వాయవ్యమున బాచుపల్లి యను ఊరు కలదు. ఒక తరము క్రిందట అది నిజముగనే పల్లె. నేడు పల్లె దాని పేరులో మాత్రమే మిగిలియున్నది. ఎత్తైన మేడలు, కళాశాలలు, విద్యార్థుల వసతి గృహములు అచ్చట వెలసినవి. 2017 నవంబరులో సమీపమునందలి మియాపురము నుండి మెట్రో రైలు నడువ నారంభించినది. సాయంకాలము కాగానే చదువుకొను పిల్లలు, సాఫ్టువేరు ఉద్యోగులు, కట్టడపు పనివారు ఆకలితో వీధిలోనికి వత్తురు. వారికొరకు రోడ్డు ప్రక్కన తోపుడు బండ్లు వరుస తీరియుండును. ఒక బండిపై మిరపకాయ బజ్జీలు నూనెలో చిటపటలాడుచుండును. వేరొక బండిపై ఇడ్లీ పాత్ర పొగలు గ్రక్కుచుండును. కొంత దూరమున ఒక స్త్రీ పొయ్యి ముందు కూర్చుండి జొన్నరొట్టెలను చేతితో తట్టి కాల్చుచుండును.

ఇట్టి రుచులనన్నింటిని ఒక్క మైదానమునకు చేర్చి, దీపములతోను, పాటలతోను జరుపు వేడుకయే ఆహారోత్సవము. జనులు దీనిని ఫుడ్ ఫెస్టివల్ అని పిలుచుచున్నారు. హైటెక్ సిటీ పరిసరములలో ఇట్టి వేడుకలు నేడు క్రొత్త కావు. సెలవు దినమున కుటుంబములు తరలివచ్చి, ఒక చోట పుణుగులు, ఒక చోట పానీపూరి, మరియొక చోట హలీము కొంచెము కొంచెముగా రుచి చూచుచు తిరుగుదురు. పిల్లలకు ఏది ముందు తినవలెనో తోచదు. పెద్దలకు ఎచ్చట ఆగవలెనో తెలియదు.

కనులు తెరచి తిరుగువానికి ఆ మైదానమున చరిత్ర పాఠము కూడ లభించును. బజ్జీలోని మిరపకాయ అమెరికా ఖండమునకు చెందినది. పోర్చుగీసువారి నావలపై ఈ దేశమునకు వచ్చినది. ఆరు వందల సంవత్సరములకు పూర్వము తెలుగువారు దాని నెరుగరు. నాటి వంటలలో కారము మిరియములది. బంగాళాదుంపయు అమెరికా నుండి వచ్చినదే. సమోసా పారశీక, మధ్య ఆసియా దేశముల నుండి నడచి వచ్చినది. అరబ్బుల వంటకమైన హలీము ఈ నగరమున స్థిరపడి, 2010లో ‘హైదరాబాదు హలీము’ అను పేర భౌగోళిక గుర్తింపు పొందినది. మోమోలు హిమాలయ ప్రాంతములనుండి దిగివచ్చినవి. వీని ప్రక్కనే తెలంగాణపు సర్వపిండి, సకినములు తలయెత్తుకొని నిలిచియున్నవి. వెలయిచ్చి పరుల చేతి వంట భుజించుటయు తెలుగువారికి వింత కాదు. ఓరుగల్లు పూటకూటి యింట ఒక రూకకు లభించు భోజనము ‘క్రీడాభిరామము’న వర్ణింపబడినది.

ఈ నగరము తన రుచులకు గౌరవము చేయుట ఎరుగును. 1938లో ప్రారంభమైన నుమాయిష్ ప్రదర్శనమునకు పోయినవారు అచ్చట ఏదో యొకటి తినక తిరిగిరారు. 2018 సంక్రాంతికి సికింద్రాబాదు పరేడ్ మైదానమున గాలిపటముల పండుగతో పాటు మిఠాయిల పండుగయు జరిగెను. 2019 అక్టోబరులో యునెస్కో సంస్థ హైదరాబాదును ఆహార కళకు పేరొందిన సృజనాత్మక నగరముల జాబితాలో చేర్చెను. ఇది గర్వింపదగిన విషయమే.

అయితే ఒక ప్రశ్న కలదు. గౌరవము వంటకమునకేనా? వండిన చేతికి కూడనా?

ఉత్సవము రెండు మూడు దినములలో ముగియును. ఆ దినములలో అంగడికి హద్దు గీచిన స్థలముండును, దీపముండును, చేతులు కడుగుకొనుటకు నీరుండును, చెత్త వేయుటకు తొట్టియుండును. వచ్చినవారు చక్కగా వరుసలో నిలుతురు. అడిగిన వెల ఇత్తురు. వంటవానిని మెచ్చుకొందురు. మరునాడు అదే బజ్జీ రోడ్డు ప్రక్కకు వచ్చినంతనే స్థితి మారును. అచ్చట స్థలము ఎవరి దయమీదనో ఆధారపడును. నీటిని బిందెలతో మోసి తెచ్చుకొనవలెను. నిన్న అడిగిన వెల ఇచ్చిన చేయియే నేడు రెండు రూపాయలకు బేరమాడును. ఎవరైన వచ్చి బండిని తీసివేయుమన్న, ఆనాటి పిండియు కూరలును వృథా యగును; ఆ రాత్రి ఆ యింట పొయ్యి వెలుగుట కష్టమగును.

2024 జనవరిలో హైటెక్ సిటీ సమీపమున రోడ్డు ప్రక్క భోజనము అమ్ముకొను ఒక స్త్రీ అంగడి వలన రాకపోకలకు అడ్డంకి కలుగుచున్నదని పోలీసులు దానిని తీసివేయ జూచిరి. ఆ వార్త నలుగురి నోట బడెను. తుదకు ముఖ్యమంత్రియే కల్పించుకొని, అంగడిని అచ్చటనే కొనసాగనిమ్మని ఆదేశించెను. ఆమెకు మేలు కలిగెను, సంతోషమే. కాని ప్రతి బండి కొరకును ముఖ్యమంత్రి కదలి రాజాలడు. ఒకరికి దొరకిన దయ పదుగురికి హక్కు కాదు.

బండ్లను తొలగింపవలెనను వారి మాటలోను నిజము లేకపోలేదు. ఇరుకు దారిలో బండ్లు నిలిచిన అంబులెన్సు ఆగిపోవును. నడచువారు కాలిబాట విడిచి వాహనముల నడుమకు దిగవలసివచ్చును. ఆరోగ్య విషయమును తేలికగా త్రోసివేయరాదు. నగరమున మోమోలు తిని పలువురు అస్వస్థులై, ఒక ప్రాణము పోయిన పిదప, 2024 అక్టోబరు 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చి గ్రుడ్డుతో చేయు మయొనైజును ఒక సంవత్సరము పాటు నిషేధించెను. తినువాని ప్రాణముకంటె అమ్మువాని లాభము గొప్పది కాదు. పేదరికము కల్తీకిగాని, మురికికిగాని సమాధానము కాజాలదు.

కాని ఈ రెండు చిక్కులకును బండిని తరిమివేయుట మందు కాదు. తరిమిన బండి మాయమైపోదు. అది మరింత చీకటి సందులోనికి, మురికి కాలువ ప్రక్కకు పోవును. రేపు ఇచ్చట నిలువనిత్తురో లేదో తెలియని మనుజుడు ఆ చోటును శుభ్రముగ నుంచుకొనుటకు ధనము వెచ్చింపడు. నీరు అందుబాటులో లేనివానికి చేతులు కడుగుకొమ్మని బోధించి ప్రయోజనము లేదు. ఆహారోత్సవము ఈ విషయమునకు కనులముందరి ఋజువు. అదే మనుజుడు, అదే బాణలి, అవే బజ్జీలు. స్థలము, నీరు, వెలుతురు, చెత్తతొట్టి అమర్చినంతనే అంగడి శుభ్రమగుచున్నది. మూడు దినములు సాధ్యమైనది మూడు వందల దినములు ఏల సాధ్యము కాదు?

ఇందులకు చట్టము కూడ కలదు. వీధి విక్రయదారుల జీవనోపాధిని కాపాడుటకును, వీధి వ్యాపారమును క్రమపరచుటకును 2014లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. దాని ప్రకారము పట్టణములలో విక్రయ సంఘములు ఏర్పడవలెను. అందు నూటికి 40 మందికి తగ్గకుండ విక్రయదారులే సభ్యులు కావలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు ఉండవలెను. అయిదేండ్లకొకసారియైనను విక్రయదారుల లెక్క తీయవలెను. లెక్క ముగిసి ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని వెడలగొట్టరాదు. అటుపిమ్మట తొలగింపవలసివచ్చినను 30 దినముల ముందు తెలుపవలెను. ఎచ్చట అమ్మవచ్చునో, ఎచ్చట అమ్మరాదో గుర్తింపవలసిన భారము కూడ ఆ చట్టముననే కలదు. కావున అది బండివానికి మాత్రమే గాక, దారిన పోవువానికిని రక్షణయే. బాచుపల్లి వంటి క్రొత్త ఊళ్లలో రోడ్లు వేయునపుడే, మేడలకు అనుమతులిచ్చునపుడే, నాలుగు బండ్లకు చోటు, ఒక నీటి కొళాయి అమర్చుట సులభము. అన్నియు కట్టిన పిదప చోటు వెదకుట కష్టము.

ప్రభుత్వము చేయవలసినది ఇంత కలదు గదా యని తినువారు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. శుభ్రమైన బండి నిలువవలెనన్న దానిని ఎరిగి కొనువారుండవలెను. విద్యార్థులు ఈ పరీక్ష సులభముగ చేయగలరు. వండిన పదార్థము పొగలు గ్రక్కు వేడితో నుండవలెను. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల సూక్ష్మజీవులు త్వరగా వృద్ధి చెందును. కావున గోరువెచ్చగా గంటల తరబడి నిలువయున్నది తినదగదు. బాణలిలోని నూనె నల్లబడి చిక్కబడినచో అది పలుమారులు కాగినదని తెలిసికొనవలెను. డబ్బులు పుచ్చుకొన్న చేతితోనే తినుబండారమును తాకుచున్నాడా? పళ్లెములను ఏ నీట కడుగుచున్నాడు? ఇవి చూచి కొనుట అమ్మువానిని అవమానించుట కాదు. శుభ్రముగ నుండువానికి అదియే నిజమైన మెప్పు. తిన్న పిదప ఆకును, కాగితమును తొట్టిలో వేయుట కొనినవాని విధి. వీధిని మురికి చేసి, ఆ నింద బండివానిపై మోపుట న్యాయము కాదు.

ఒక నగరపు సంపదను దాని మేడలు చూపును. దాని మర్యాదను మాత్రము ఆ మేడల నీడలో తోపుడు బండి నిలిచిన చోటు చూపును. ఆహారోత్సవమున పళ్లెము చేతబట్టి ఆహా యని మెచ్చుకొనువాడు, మరునాటి సాయంకాలము వీధి మొగను జొన్నరొట్టెలు తట్టు స్త్రీ యెదుట నిలిచినపుడు కూడ అదే మర్యాద చూపవలెను. ఆమెకు చోటును, నీటిని సమకూర్చిననాడు ఆ నగరమున జరుగు ఉత్సవము సార్థకమగును.