పట్నం చెత్త – పల్లె పొలం

2025 మార్చి 3 నుండి 5 వరకు జైపూర్‌లో ఆసియా, పసిఫిక్ దేశాల ప్రభుత్వ ప్రతినిధులు సమావేశమయ్యారు. చెత్త తగ్గించడం, వాడిన వస్తువును మళ్ళీ వాడడం, పనికిరాని సరుకును కరిగించి కొత్త సరుకు చేయడం – ఈ మూడింటి మీద 2009 నుండి జరుగుతున్న సమావేశాల్లో ఇది పన్నెండవది. 2025–2034 కాలానికి “జైపూర్ డిక్లరేషన్” ఆమోదించారు. 2013లో హనోయ్‌లో కూడా పదేళ్ళకు ఇటువంటి తీర్మానమే చేశారు. ఆ పదేళ్ళూ గడిచిపోయాయి. పట్నాల పొలిమేరల్లో గుట్టలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

అది పెద్ద దొరల సభ, నాట్లు వేసేవాళ్ళకు దాంతో ఏం పని అని కొందరు అనవచ్చు. పని ఉంది. వాళ్ళు “సర్క్యులర్ ఎకానమీ” అంటున్నది, భూమి నుండి తీసిన వస్తువు వృథాగా పోకుండా మళ్ళీ మళ్ళీ వాడుకలోకి రావాలని. మన ఊళ్ళో పెంటకుప్ప చేసింది ఇదే. పేడ, పొయ్యి బూడిద, పశువులు తినగా మిగిలిన చొప్ప, ఇంటి ఊడుపు – అన్నీ దిబ్బకు చేరేవి, ఎండాకాలంలో బండ్ల మీద చేలకు పోయేవి. దానికి ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు. పెంట ఎత్తింది జీతగాళ్ళు, కూలీలు. ఎత్తినవాళ్ళను తక్కువగా చూసిందీ ఈ సంఘమే.

ఇక ఈ దేశాల మధ్య సహకారం ఎట్లా నడుస్తున్నదో చూద్దాం. జైపూర్ తీర్మానం చట్టబద్ధమైనది కాదు. పాటించకపోతే అడిగే నాథుడు లేడు. మరోపక్క చెత్త వ్యాపారం మాత్రం ఖచ్చితంగా, లెక్క ప్రకారం నడిచింది. ధనిక దేశాల ప్లాస్టిక్ చెత్తను ఏళ్ళ తరబడి కొన్న చైనా 2018లో తలుపు మూసింది. వెంటనే ఆ ఓడలు మలేసియా, థాయిలాండ్, వియత్నాం, ఇండోనేసియా రేవులకు తిరిగాయి. పంపినవాళ్ళలో అమెరికా, యూరపు దేశాలే కాదు, ఈ సమావేశాల్లో ముందువరసలో కూర్చునే జపాన్ కూడా ఉంది. రీసైక్లింగ్ సరుకు పేరుతో కెనడా నుండి వచ్చిన చెత్తను ఫిలిప్పీన్స్ ఏళ్ళ తరబడి మోసి, 2019లో 69 కంటైనర్లు తిరిగి పంపించింది. ప్లాస్టిక్ చెత్త దిగుమతిని థాయిలాండ్ 2025 జనవరి నుండి నిషేధించింది. తీర్మానాలు ఆపలేని దాన్ని రేవు దగ్గర చట్టం ఆపింది. 2025 ఆగస్టులో జెనీవాలో ప్లాస్టిక్ ఒప్పందం కోసం జరిగిన చర్చలు ఏ ఒప్పందమూ లేకుండానే ముగిశాయి. సరుకు తయారుచేసే చోటనే తగ్గించమంటే చమురు దేశాలు అడ్డం పడ్డాయి.

దేశాల మధ్య జరిగింది పట్నానికీ పల్లెకూ మధ్య ఎప్పటినుండో జరుగుతూనే ఉంది. హైదరాబాదు చెత్త జవహర్‌నగర్‌కు పోయింది. బోర్ల నీళ్ళు చెడిపోయాయనీ, కంపు భరించలేమనీ చుట్టుపక్కల జనం ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. చెత్త ఎప్పుడూ పలుకుబడి లేనివాళ్ళ వాకిట్లోకే పోతుంది.

మన పట్నాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. అది మన పొలం నుండి పోయిన కూరగాయ, పండు, అన్నం. వెళ్ళింది తిరిగి రావాలంటే కంపోస్టుగా రావాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం నగర కంపోస్టు విధానం ప్రకటించి, టన్నుకు 1500 రూపాయల సాయం పెట్టింది, ఎరువుల కంపెనీలు యూరియాతోపాటు దాన్నీ అమ్మాలన్నది. కాగితం మీద బాగానే ఉంది. చేలో లెక్క వేరు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా ఉంటుంది, రైతు చెల్లించేది 266 రూపాయల 50 పైసలు. నగర కంపోస్టులో నత్రజని నూటికి ఒక పాలు, తరచు అంతకంటే తక్కువ. అంటే ఒక్క బస్తా యూరియాకు సరితూగాలంటే రెండు టన్నులకు పైగా కంపోస్టు తోలాలి. లారీ కిరాయి, దింపుడు కూలి, చల్లుడు కూలి ఎవరిస్తారు? కంపోస్టు విలువ నత్రజనిలోనే లేదు, నేలకు సత్తువ, తేమ పట్టే గుణం ఇస్తుందన్నది నిజమే. కానీ ఆ ఫలితం మూడు నాలుగేళ్ళకు కనబడుతుంది. ఏడాదికి కౌలు కట్టే రైతు, వచ్చే ఏడు భూమి ఉంటుందో ఊడుతుందో తెలియనివాడు, ఇంకొకరి నేలకు సత్తువ ఎందుకు పోస్తాడు? కౌలు హక్కు సంగతి తేలకుండా కంపోస్టు ప్రచారం నడవదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. తడి, పొడి కలిపి పోసిన చెత్తతో చేసిన కంపోస్టులో గాజుపెంకులు, బ్లేడు ముక్కలు, ప్లాస్టిక్ పీలికలు వస్తాయి. బ్యాటరీల నుండి, రంగుల నుండి సీసం, కాడ్మియం వస్తాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలో కంపోస్టులో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదు. ఉత్తర్వు ఢిల్లీలో ఉంటుంది, మడిలో దిగేది మాత్రం మన ఆడకూలీల ఉత్తకాళ్ళు. గాజు గుచ్చుకుంటే ఆ రోజు కూలీ పోయె, మందుల ఖర్చు మీద పడె.

చేతగాక కాదు. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో సూర్యాపేట మున్సిపాలిటీ ఇంటి గడప దగ్గరే తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకుని, వానపాముల ఎరువు చేయించి పేరు తెచ్చుకుంది. కిటుకు యంత్రంలో లేదు, గడప దగ్గర వేరుచేయడంలో ఉంది. కోట్ల రూపాయల యంత్రాలు కొనే పట్నాలు మొదట చూడవలసింది అటువైపు.

వేరుచేసే చేతులు ఎవరివి? తెలంగాణలో 2019 నుండి పల్లె ప్రగతి కింద ఊరూరికీ ట్రాక్టరు, కంపోస్టు షెడ్డు ఇచ్చారు. ఆంధ్రలో చెత్త నుండి సంపద కేంద్రాలు కట్టారు. ట్రాక్టరు వెనక నడిచేవాడు నిన్నటి వ్యవసాయ కూలీయే, ఎక్కువమంది దళితులు. యంత్రం వచ్చి కోతల పని తగ్గినాక ఆ పనిలో చేరినవాళ్ళూ ఉన్నారు. 2023 జులైలో తెలంగాణ పంచాయతీ కార్మికులు జీతాల కోసం, పర్మనెంట్ కోసం సమ్మె చేశారు. అదే ఏడాది డిసెంబరు ఆఖరున ఆంధ్రలో మున్సిపల్ కార్మికులు చీపుర్లు కింద పెట్టారు. నాలుగు రోజులకే వీధులు కంపు కొట్టాయి. అప్పుడుగాని పట్నానికి వాళ్ళు కనబడలేదు. కుప్పల మీద సీసాలు, అట్టలు ఏరి బతికేవాళ్ళను 2016 నాటి చెత్త నియమాలు పేరుపెట్టి గుర్తించాయి, గుర్తింపు కార్డు దగ్గరే చాలా ఊళ్ళలో ఆగిపోయింది.

కనుక పట్నం కంపోస్టు లారీ ఊరికి వస్తే రైతులూ కూలీలూ కలిసి అడగవలసినవి ఉన్నాయి. పరీక్ష కాగితం ఏది, ఏ తేదీది, ఏ లాబ్ ఇచ్చింది? ఒక బస్తా అక్కడే జల్లెడ పట్టించి చూడాలి. గాజు కనబడితే లారీ దింపనివ్వద్దు. మంచిదైతే దింపుడు కూలి, చల్లుడు కూలి ఎవరి లెక్కలో పడుతుందో సర్పంచి చేత రాయించుకున్నాకనే గంప ఎత్తాలి.