కొక్కెం విప్పడం మనకూ రావాలి

"నీకెందుకు ఆ శ్రమ, నేను చూసుకుంటాగా!"

ఈ మాట వినని ఇల్లాలు మనలో ఎవరున్నారు చెప్పండి? ఎంత కమ్మగా ఉంటుందో ఆ మాట! పదహారేళ్లుగా నేనూ ఆ కమ్మదనంలోనే బతుకుతున్నాను. కానీ అదే మాట ఒక అర్ధరాత్రి ఆడదాని కాళ్లూ చేతులూ ఎలా కట్టేస్తుందో కళ్లారా చూశాను. అదీ మన ఊళ్లో కాదు. అమెరికాలో, ఓ లోయ అడుగున.

రెండేళ్ల కిందట మార్చిలో డాలస్‌లో మా చెల్లెలి దగ్గర ఉన్నాను. పిల్లలకి వారం రోజులు సెలవులిచ్చారు. "అక్కా, ఈసారి నిన్ను హోటళ్లకి తిప్పను. ఇల్లే వెంటబెట్టుకుని తిప్పుతా" అంది. ఆ ఇల్లంటే ఏమిటనుకున్నారు? ట్రావెల్ ట్రైలర్. ఇంజనుండదు. పికప్ ట్రక్కు వెనక కొక్కెం తగిలించుకుని లాక్కుపోవడమే. ఇరవై నాలుగడుగుల పొడుగు. లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ ఉన్నాయి. సామాన్లతో కలిపి ఆరువేల పౌన్లు, అంటే మన రెండు అంబాసిడర్ కార్లకన్నా ఎక్కువ బరువు.

వెళ్లింది పాలో డ్యూరో కేన్యన్. టెక్సాస్ ఉత్తర భాగంలో అమరిల్లో ఊరి దగ్గర. డాలస్ నుంచి దాదాపు 360 మైళ్లు. మైదానంలో పోతూ పోతూ ఉంటే ఒక్కసారిగా నేల విచ్చుకున్నట్టు ఎర్రటి లోయ కనిపిస్తుంది. 1934 నుంచీ అది స్టేట్ పార్కు. లోయ అడుగునే ట్రైలర్లు పెట్టుకునే చోట్లున్నాయి. దారిలో గాలి గాలి కాదు. పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడల్లా వెనక మా ఇల్లు తోకలా ఊగింది. మా మరిదిగారు పళ్లు బిగించి నడిపారు. "ఏమీ లేదు వదినగారూ, గాలి అంతే" అన్నారు. మేమూ నమ్మాం.

చేరేసరికి చీకటి పడింది. అలసటతో ట్రైలర్‌ని ట్రక్కు నుంచి విప్పనే లేదు. కరెంటు తగిలించుకుని, తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాం. రాత్రి ఒంటిగంటకి మరిదిగారి మూలుగు. నడుం పక్కనుంచి నొప్పి, చెమటలు, వాంతులు. ఫోనుకి సిగ్నల్ లేదు. ఆస్పత్రికి పోవాలంటే అమరిల్లో, సుమారు ముప్ఫై మైళ్లు. ట్రక్కుంది, తాళాలున్నాయి. మా చెల్లెలు రోజూ డాలస్‌లో అన్ని వరసల రోడ్డు మీద కారు నడుపుకుంటూ ఆఫీసుకి వెళ్లేదే. కానీ ట్రక్కు వెనక ఇల్లు తగిలించి ఉందాయె! దాన్ని విప్పడం దానికి రాదు. లాక్కుంటూ ఆ లోయ రోడ్డు ఎక్కడమూ రాదు. మూడేళ్లుగా ట్రైలరుంది. లోపల ఏ డబ్బా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతుంది. బయట ఆ కొక్కేన్ని మాత్రం ఒక్కసారి ముట్టుకోలేదు. "ఆయన చూసుకుంటారుగా అక్కా" అని ఏడ్చింది. ఆయనేమో నొప్పికి మెలికలు తిరిగిపోతున్నారు, ఏం చెప్పగలరు?

పక్క స్థలంలో చిన్న ట్రైలరొకటి ఉంది. అందులో ఓ కుక్క, అరవై దాటిన ఓ పెద్దావిడ. నేనే వెళ్లి తలుపు కొట్టాను. నా ఇంగ్లీషు ఆవిడకెంత అర్థమైందో గానీ టార్చిలైటు పట్టుకుని చెప్పులేసుకుని వచ్చేసింది. ముందుగా ట్రైలర్ చక్రాలకి అటూ ఇటూ మొద్దులు పెట్టించింది. ముందున్న జాకీ దించి బరువు దానిమీదకి తెచ్చింది. బిగువు కడ్డీలు తీసింది, పిన్ను లాగింది, గొళ్లెం ఎత్తింది, జాకీ ఇంకాస్త తిప్పి కొక్కేన్ని గుండు మీంచి పైకి లేపింది. గొలుసులు, కరెంటు వైరు, చివర్న సన్నటి కేబుల్ విప్పింది. పది నిమిషాలు పట్టలేదు. మెచ్చుకోవలసింది ఆ వేగాన్ని కాదు. ప్రతి పనికీ ముందు మా చెల్లెలి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించి, "ఇది ఎందుకో చూడు" అని చెప్పింది. ఆ తొందరలో కూడా! చెల్లెలు మరిదిగారిని తీసుకుని వెళ్లింది. నేను పిల్లలతో ఉండిపోయాను. ఆవిడ తెల్లారేవరకూ నాకు తోడు కూర్చుంది.

కిడ్నీలో రాయి. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. మందులు వాడుతున్నన్నాళ్లూ బండి నడపొద్దన్నారు డాక్టర్లు. తిరుగు ప్రయాణం ఎలా? అప్పటికే చుట్టుపక్కల ట్రైలర్లవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. ఒకావిడ సూపు తెచ్చింది. ఒకాయన "మీ ఇల్లు నేను లాక్కొచ్చి డాలస్‌లో దింపుతాను" అన్నాడు. మా పెద్దావిడ ఒప్పుకోలేదు. "ఆమెకి కారు నడపడం వచ్చు. మిగిలింది నేర్చుకుంటుంది" అంది. రెండు రోజులు ఖాళీ స్థలంలో నేర్పింది. నేను గట్టున కూర్చుని ఒక్కో మాటా డైరీలో రాసుకున్నాను. అమెరికాలో మీ పిల్లలో, తోబుట్టువులో ఇలాంటి బండి కొంటే పనికొస్తుంది, చూడండి.

మొదటిది బరువు. ట్రైలర్ మొత్తం బరువులో వందకి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద పడాలి. ఆరువేల పౌన్ల బండికి ఆరువందల నుంచి తొమ్మిదివందలన్నమాట. వెనక బరువెక్కువైతే బండి తోకలా ఊగుతుంది. మేమేం చేశామంటే వెనక బంపరుకి నాలుగు సైకిళ్లు, వెనక మంచం కింద బియ్యం బస్తా, నీళ్ల క్యాన్లు, పచ్చడి జాడీలు! గాలిది కొంత తప్పు, మిగతాది మా సర్దుడుది. సైకిళ్లు ట్రక్కులోకి మార్చి, బస్తా, క్యాన్లు ముందుకి జరిపించింది. ట్రక్కు ఎంత లాగగలదన్నది ఒక్కటే చూస్తే చాలదట. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో అది ఎంత మోయగలదో ఉంటుంది. కొక్కెం మీది బరువు, మనుషులు, సామాన్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అనుమానముంటే హైవే మీద లారీలు తూచే కాటాలున్నాయి, తూయించుకోవచ్చు.

బండి ఊగితే? గట్టిగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, చేతి దగ్గరుండే ట్రైలర్ బ్రేకు మీట మాత్రం మెల్లిగా నొక్కాలి.

తగిలించాక గొళ్లెం పడిందనుకుని ఊరుకోకూడదు. జాకీతో కొంచెం పైకెత్తి చూడాలి. ట్రక్కు వెనక భాగం కూడా లేస్తే పట్టుకున్నట్టు. గొలుసులు రెండూ కింద అడ్డంగా మార్చి తగిలించాలి, కొక్కెం ఊడినా వాటి మీద ఆగేలా. ఆ సన్నటి కేబుల్ ట్రక్కుకి విడిగా తగిలించాలి. బండ్లు విడిపోతే అది లాగబడి ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పడతాయి. విప్పేటప్పుడు మాత్రం మొద్దులు పెట్టనిదే ఏదీ ముట్టుకోకూడదు.

టైర్లకి అరుగుదల కాదు, వయసు చూడాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో చేసిందని. ఎండలో నిలబడి ఉన్న టైరు పైకి కొత్తగా కనిపిస్తూనే పేలిపోతుంది. అయిదారేళ్లకి మార్చేయడం మంచిదట.

వెనక్కి నడపడం అన్నిటికన్నా గడ్డు. దానికి ఆవిడ చెప్పిన చిట్కా చూడండి. చెయ్యి స్టీరింగు పైభాగాన కాకుండా అడుగున పట్టుకోవాలి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక భాగం అటే పోతుంది. కిందనుంచి దారి చెప్పేవాళ్లు అద్దంలో కనిపించేలా నిలబడాలి. వాళ్లు కనిపించకపోతే బండి ఆపెయ్యాలి. ఈ దారి చెప్పుకోవడంలో భార్యాభర్తలు పోట్లాడుకోవడం అక్కడ నిత్యం జరిగే భాగోతం. అటువంటప్పుడు పక్కవాళ్లు చూడనట్టు తల తిప్పుకోవడం ఒక మర్యాద.

ఇక లోపలి సంగతులు. మరుగుదొడ్డి ట్యాంకు వేరు, వంటింటి నీళ్ల ట్యాంకు వేరు. ముందు మరుగుదొడ్డిది ఖాళీ చేసి తరవాత రెండోది వదలాలి, గొట్టం కడిగినట్టవుతుంది. నీళ్లు ఎక్కువ పొయ్యాలి, నిండకముందే తెరిచి పెట్టకూడదు. లేకపోతే గట్టిపడి గుట్టలా పేరుకుంటుంది. కుళాయికి ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టకపోతే లోపలి గొట్టాలు పగులుతాయి. ముప్ఫై ఆంపియర్ల కనెక్షన్ మీద ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెడితే ఫ్యూజు పోవడం ఖాయం. కుక్కర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవిరి నిండిపోతుంది, కిటికీ తెరుచుకుని వండాలి. బండి కదిలే ముందు గ్యాస్ సిలిండర్ కట్టెయ్యాలి. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలనే పరుచుకుంటుంది. అందుకే పసిగట్టే అలారం కిందే బిగిస్తారు. దానికి అడ్డంగా చెప్పులో సామాన్లో పెట్టకూడదు.

మూడోరోజు మా చెల్లెలే నడిపింది. మరిదిగారు పక్కన కూర్చుని నోరు మెదపలేదు. ఆయనకది రాయి నొప్పికన్నా కష్టమయిందేమో! అదే గాలి, అవే లారీలు. ఒక్కో లారీ దాటినప్పుడు బండి కొంచెం కదిలిందే గానీ తోక ఊపలేదు. మధ్యలో పెట్రోలుకి ఆగినప్పుడు మాత్రం చెల్లెలి చేతులు వణకడం చూశాను.

ఈ తోటి ట్రైలర్లవాళ్ల స్నేహం ఈనాటిది కాదు. 1919లోనే ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో 'టిన్ కాన్ టూరిస్ట్స్' అని సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూతకి అతికించిన రేకు డబ్బా వాళ్ల గుర్తు. 1978లో జో, కే పీటర్సన్ దంపతులు ఎస్కేపీస్ అనే క్లబ్బు పెట్టారు. వయసుడిగి, జబ్బుపడి ఇక ప్రయాణం చెయ్యలేని సభ్యులని చూసుకునే ఏర్పాటు కూడా ఆ సంస్థ టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో చేసింది. 1999లో ఇద్దరు అక్కచెల్లెళ్లు మొదలుపెట్టిన 'సిస్టర్స్ ఆన్ ది ఫ్లై' అచ్చంగా ఆడవాళ్లది. తమ ట్రైలర్లు తామే లాక్కుని, తామే సర్దుకుని, ఒకరికొకరు నేర్పుకుంటూ తిరుగుతారు.

నాకిదంతా చూస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి గూడుబండ్లు బారులు కట్టేవట. దారిలో ఒక బండి ఇరుసు కీచుమంటే వెనక బండివాళ్లు దిగి కందెన పెట్టేవాళ్లట, నీదే ఊరని అడగకుండా. రోడ్డు మీద ఇల్లు కట్టుకుని తిరిగేవాళ్లకి పక్కవాడే ఊరు, పక్కవాడే చుట్టం. అక్కడ తెలియనిది అడగడం నామోషీ కాదు. తను చేసిన తప్పు ఎదుటివాళ్లకి చెప్పడమూ నామోషీ కాదు. మా పెద్దావిడ తన మొదటి ఏడాది చక్రాలకి మొద్దులు పెట్టకుండా విప్పి, బండి జారిపోతుంటే వెనక పరిగెత్తిన కథ పగలబడి నవ్వుతూ చెప్పింది. ఆ కథ విన్నాక మొద్దులు మరిచిపోతామా?

మరి మన సంగతి? ట్రైలర్లు లేవు, సరే. మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలుసా? నీళ్ల మోటారుకి గాలి పట్టుకుంటే ఏం చెయ్యాలో? ఇన్సూరెన్సు కాగితాలు ఏ బీరువా అరలో ఉన్నాయో? 'ఆయన చూసుకుంటారు' అన్న ప్రతిచోటా మన ఇంటికీ ఒక కొక్కెం ఉంది. మగవాళ్లది ఒక్కళ్లదే తప్పనను. చెయ్యి మురికవుతుందనో, మాట పడాలనో మనమూ తప్పుకున్నాం. అంతెందుకు, పోపులడబ్బా జోలికి వాళ్లని మనం రానిచ్చామా? నాకు జ్వరం వచ్చిన నాలుగు రోజులూ మా ఇంట్లో బ్రెడ్డే గతి!

ఊరికి రాగానే మా ఆయన్ని మెయిన్ స్విచ్ చూపించమన్నాను. "నీకెందుకు, నేను..." అని మొదలెట్టి, నా మొహం చూసి ఆగిపోయారు. ఫ్యూజు మార్చడం నేర్చుకున్నాను. చారు కాచడం ఆయన నేర్చుకుంటున్నారు. ఉప్పు ఇంకా కుదరలేదు.

ఈ ఆదివారం మీరూ ఒకటి నేర్చుకోండి. నేర్చుకుని ఊరుకోకండేం, పక్కింటావిడకి కూడా చెప్పండి. ఏ అర్ధరాత్రి ఎవరి తలుపు ఎవరు కొట్టాల్సొస్తుందో, ఎవరికి తెలుసు?