పెరటి ఉల్లి బజారుకు పోటీ కాదు

నెల్లూరు: ఉల్లి ధర పెరిగినప్పుడల్లా పెరట్లో నాలుగు మడులు వేసుకుంటే బజారుతో పనేమిటన్న మాట పుడుతూ వుంటుంది. దీనిని వర్తకులు కొట్టిపారవేయనక్కరలేదు, బెదరనూ అక్కరలేదు. లెక్క వేసి చూడడం మంచిది.

దేశంలో ఉల్లి సగటు దిగుబడి హెక్టారుకు సుమారు 17, 18 టన్నులు. అనగా చదరపు మీటరుకు రెండు కిలోల లోపు. ఇంటికి నెలకు 5 కిలోల వాడకం అనుకుంటే ఏడాదికి 60 కిలోలు కావాలి. అందుకు సెంటుకు కొంచెం తక్కువ నేల చాలు. నేల ఇసుకపాటిది, నీరు నిలవదు, గడ్డ బాగానే వూరుతుంది. అయితే సముద్రపు ఒడ్డున కొన్ని బావులు ఉప్పు నీళ్లు. ఆ నీటిని ఉల్లి తట్టుకోలేదు. మంచినీటి బావి వున్న ఇంటికే ఈ లెక్క వర్తిస్తుంది.

అసలు చిక్కు నేలతో కాదు, అదనుతో. ఈ తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. తుపాను వానలో నారు నిలవదు. కనుక నాట్లు డిసెంబరు ఆఖరునో జనవరిలోనో పడాలి. గడ్డ చేతికి వచ్చేది ఏప్రిల్‌లో. సరిగా అప్పుడే మహారాష్ట్ర రబీ సరుకు మార్కెట్లను ముంచెత్తుతుంది. దేశపు ఏడాది పంటలో మూడింట రెండు వంతుల వరకు ఈ రబీదే. బజారులో చౌకగా దొరికే రోజుల్లోనే పెరటి ఉల్లి కూడా దిగుతుందన్నమాట.

ధరలు మండేది సాధారణంగా సెప్టెంబరు, డిసెంబరు మధ్య. పాత నిల్వలు అడుగంటి, ఖరీఫ్ పంట వానకు దెబ్బతిన్నప్పుడు. కేంద్రం 2019, 2020 సెప్టెంబరు నెలల్లోనూ, 2023 డిసెంబరులోనూ ఎగుమతులను నిషేధించినది ఈ రోజుల్లోనే. ఏప్రిల్ గడ్డను అంతదాకా ఇంట్లో దాచడం ఈ తీరంలో కష్టం. మెడ బాగా ఆరబెట్టి గాలి తగిలేలా వేలాడదీసినా, సముద్రపు తేమకు కొంత మొలకెత్తుతుంది, కొంత కుళ్లుతుంది.

కాగా, పెరడు నిజంగా ఆదుకొనేది కాడలతో. మొలకెత్తిన గడ్డను పారవేయక నాటితే నెల, నెలన్నరలో కాడ కోతకు వస్తుంది. పప్పులోకి, రొయ్యల కూరలోకి అది చాలు. చేపల పులుసుకు మాత్రం గడ్డే కావాలి, ఆ గడ్డకు బజారే గతి.

ఇందులో వర్తకులకూ ఒక పని వున్నది. మొలక గడ్డలను మంచి బస్తాలో కలిపి అమ్మే అలవాటు వున్నచోట దానిని మానుకోవాలి. వాటిని వేరు చేసి, నాటుకొనేవారికి తక్కువ ధరకు ఇస్తే సరుకు వృథా కాదు, కొనేవారి నమ్మకమూ చెడదు. కరువు నెలల కోసం బిగబట్టి దాచడమూ లాభసాటి కాదు. 2020 అక్టోబరులో కేంద్రం టోకు వర్తకులకు 25 టన్నులు, చిల్లర వర్తకులకు 2 టన్నులు మించి నిల్వ కూడదని కట్టడి విధించింది. గాలి ఆడే గిడ్డంగి, తేమ లేని నేల, త్వరగా తిరిగే సరుకు వుంటే పెరటి మడులను చూసి బెంగపడవలసిన అవసరం వుండదు.