తాడు ఎవరి చేతిలో?

"వారం రోజులు మనాలి వైపు వెళ్తున్నాం నాన్నా. నలుగురం ఫ్రెండ్స్. రాక్ క్లైంబింగ్‌కి" అంది మా అమ్మాయి, ఇడ్లీ చట్నీలో ముంచుతూ. పక్కవీధిలో పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లొస్తానన్నంత మామూలుగా!

నాకు ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. వద్దంటే ఆగుతుందన్న గ్యారంటీ లేదు. అయినా వద్దన్నాను. కారణం చెప్పాలి కదా, మల్లి మస్తాన్‌బాబును గుర్తుచేశాను. మన నెల్లూరు జిల్లా మనిషి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. "అంతటివాడికే..." అని ఆగిపోయాను. మిగతా మాటలకి నోరు రాలేదు.

"ఆయన ఎక్కినవి ఎత్తయిన మంచుకొండలు. మేం ఎక్కేది రాళ్లు. ఆదివారం మాతో శామీర్‌పేట రా, చూశాక మాట్లాడదాం" అంది.

శామీర్‌పేటలో కొండలెక్కడివి? కరీంనగర్ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కలేదు. చెరువు తెలుసు, జింకల పార్కు తెలుసు. రాళ్లంటారా... కనిపించేవి, నేనే చూడలేదు.

శామీర్‌పేట దాటి మేడ్చల్ వైపు తిరిగాక, మట్టిబాటలో కొంతదూరం పోయి, సీతాఫలం పొదల మధ్య కారాపారు. ఎదురుగా గుట్ట. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు. తోస్తే దొర్లిపోయేట్టున్నాయి. "ఎవరు పేర్చారర్రా వీటిని?" అన్నాను. వాళ్లలో కళ్లజోడు కుర్రాడు పాఠం మొదలెట్టాడు. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అట. భూమిలోపల బాగా లోతున గట్టిపడింది. పైపొరలు వానకీ గాలికీ అరిగిపోయాక బయటపడింది. బీటల్లోకి నీళ్లు దిగి ముందు మూలల్ని తినేస్తాయి. దాంతో దిమ్మెలు గుండ్రాళ్లవుతాయి. మధ్యనున్న మట్టి కొట్టుకుపోతే ఒకదాని మీదొకటి ఇలా కూర్చుండిపోతాయి. హిమాలయాలు వీటి ముందు నిన్నమొన్నటి పిల్లలట!

చిన్న గుండ్లకి తాడు వాడరు. కింద మందపాటి పరుపు వేస్తారు. ఒకరు చేతులు పైకెత్తి నిలబడతారు. పడేవాళ్లని పట్టుకోవడానికి కాదు, తల రాయికి తగలకుండా పరుపు మీదకి మళ్లించడానికి.

అసలు గుండె దడ పెద్ద బండ దగ్గర మొదలైంది. మూడంతస్తుల ఎత్తుంటుంది. ఒకబ్బాయి వెనకవైపు నుంచి పైకెళ్లి, రెండుచోట్ల గట్టి ఆధారం చూసి తాడు దించాడు. ఒక కొస మా అమ్మాయి నడుముకున్న బెల్టుకి, ఎనిమిది అంకెలాంటి ముడితో. రెండో కొస కింద నిలబడ్డ మనిషి దగ్గర. ఆ మనిషిని బిలేయర్ అంటారట. ఎవరా అని చూస్తే నాలుగో ఫ్రెండు. సన్నగా రివటలా ఉంది. గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేట్టుంది.

"అమ్మా, ఆ తాడు ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటాను" అన్నాను.

"మీకు రాదు అంకుల్" అంది.

నా కూతురి తాడు పట్టుకోవడం నాకు రాదట! కోపం వచ్చింది. కానీ ఏం చెయ్యను, నిజంగానే రాదు. ఆ పిల్ల చూపించింది. బెల్టుకున్న చిన్న లోహపు పరికరంలోంచి తాడు మెలికలు తిరిగి వస్తుంది. కిందికి లాగి పట్టుకోగానే బిగుసుకుంటుంది. బరువు మోసేది కండ కాదు, రాపిడి. కింది చెయ్యి మాత్రం తాడు మీంచి తియ్యకూడదు. దోమ కుట్టినా సరే!

"నేర్చుకుని ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు. మొదట్లో చాలా నెలలు నాకూ ఇవ్వలేదు అంకుల్."

ఎక్కేముందు ఒకరి ముడి ఒకరు చూసుకున్నారు. బెల్టు బకిల్ లాగి చూశారు. "పట్టుకున్నావా?" "పట్టుకున్నా." "ఎక్కనా?" "ఎక్కు." మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు ఎక్కినా ఇదే తంతు. ఒకసారి విసుగొచ్చి, ఇందాకే చూశారుగా అన్నాను. "ఇందాక చూసింది ఇందాకటి ముడి అంకుల్" అన్నాడు కళ్లజోడు కుర్రాడు.

సగం దూరంలో మా అమ్మాయి కాలు జారింది. అరిచింది నేను. తను ఒక జానెడు కిందికి జారి, తాడుకి వేలాడుతూ నవ్వింది. కింద రివట పిల్ల కాస్త వెనక్కి కూర్చున్నట్టు వంగింది. అంతే.

పూర్ణ, ఆనంద్‌కుమార్ ఇలాంటి బండల మీదే మొదలుపెట్టారు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ వార్త టీవీలో చూసి చప్పట్లు కొట్టాను. పక్కింటి పిల్లలైతే చప్పట్లు కొట్టడం తేలికే.

టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాక అవతలి గుట్ట వైపు చూశాను. సగం లేదు. మిగిలిన సగానికి వరసగా బెజ్జాలు. పోయినేడు అక్కడ తమకిష్టమైన గుండొకటి ఉండేదన్నారు. ఉలి, సమ్మెటలతో వడ్డెరలు కొట్టే రోజుల్లో గుట్ట తరగాలంటే తరాలు పట్టేది. డ్రిల్లు, పేలుడు మందు చేరాక ఒక వేసవి చాలు. రాళ్లని కాపాడదామని 1996లోనే హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టారు. దుర్గం చెరువు గుట్టలు, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి లాంటివి వారసత్వ జాబితాకెక్కాయి. పేరు కూడా లేని ఈ గుండు ఏ జాబితాకెక్కుతుంది? పెద్ద మాటలు ఎందుకులెండి, మా ఇంటి పునాదిలోనూ ఇలాంటి గుట్ట ముక్కే ఉండుంటుంది.

రాత్రి అన్నాలప్పుడు మా ఆవిడ అడిగింది. "ఏమంటారు మరి? పంపుదామా?"

"ఆ రివట పిల్ల కూడా వెళ్తోందేమో కనుక్కో" అన్నాను.

"వెళ్తోందట. టికెట్లు బుక్ చేసింది తనేనట" అంది, నా కంచంలో ఇంకాస్త పప్పు వేస్తూ.