బోర్డు మీద కౌజు, గిన్నెలో ఫారం పిట్ట

అన్నలారా, తమ్ముళ్ళారా, ఈ పోస్టు కొంచెం కోపంగానే రాస్తున్నా. బాధపడేవాళ్ళు పడండి.

పోయిన వారం సాయంత్రం మావాడు సంచిలో నాలుగు పిట్టలు తెచ్చినాడు, కాళ్ళు కట్టేసి. "ఫారం కౌజులు నాయనా, రోడ్డు పక్కన అమ్ముతుంటే తెచ్చినా" అన్నాడు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూసినా. కాళ్ళు ఎర్రగా ఉన్నాయి, కాలి వెనక కోడిపుంజుకు ఉన్నట్టు ముల్లు. గొంతు లేత పసుపు, దాని చుట్టూ సన్నటి నల్ల గీత. ఫారం ఎక్కడిదిరా, ఇవి మన గట్ల మీద తిరిగేవే! చీకటి పడకముందే తీసుకుపోయి కంపచెట్ల దగ్గర వదిలినాం. మూడు పరిగెత్తినాయి. నాలుగోదాని కాలు ఉరికి తెగింది. అది తెల్లారేదాకా బతకలేదు.

వాణ్ణి తిట్టినా, కానీ తప్పంతా వాడిది కాదు. ఢాబా బోర్డు చూస్తే "కౌజు పిట్టల ఫ్రై". వీడియో చూస్తే "కౌజు పిట్టల పెంపకం". వాటిలో ఉండేది జపాన్ క్వెయిల్. 1974లో బయటి దేశం నుంచి తెచ్చి, ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రంలో పెంచి రైతులకు అలవాటు చేసిన పిట్ట. మన పూరేడుకు దగ్గరి చుట్టం, కౌజు కానే కాదు. పెంచుకోండి, తినండి, దాన్ని నేనెప్పుడూ కాదనలేదు. దానికి కౌజు పేరు ఎందుకు తగిలిస్తారు? ఆ పేరు చాటునే ఉరులు పెట్టేవాడు బతుకుతున్నాడు. అడిగితే "ఫారంవే సార్" అంటాడు, మనం నమ్ముతాం.

"పేరులో ఏముంది పెద్దాయనా" అని అడిగేవాళ్ళకు చెప్తున్నా. ఫారం పిట్ట గుప్పిట్లో పడుతుంది, రెండు వందల గ్రాములు తూగితే గొప్ప. కౌజు చిన్న కోడిపెట్టలా ఉంటుంది. ఫారం పిట్ట కాలికి ముల్లు ఉండదు. కౌజులో మగదానికి ఉంటుంది, పెట్టకు చాలాసార్లు ఉండదు. కాబట్టి ముల్లు లేదని ఫారందే అనుకోవద్దు, గొంతు కింద గీత చూడండి. గుడ్డు చూసినా తెలిసిపోతుంది. ఫారందానికి నల్లమచ్చలు, కౌజుది మచ్చ లేకుండా మీగడ రంగు. పూరేడుకైతే వీపు మీద తెల్లటి పొడుగు చారలు, తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. కౌజు లేచి ఎగిరితే తోక ఎర్రగా కనిపిస్తుంది. పొద్దున్నే బీట్లోంచి గొంతు చించుకుని అరిచేది ఇదే, ఆ కూత వినని రైతు ఉంటాడా?

ఇంకో అబద్ధం కూడా విన్నా. "ఫారాల నుంచి తప్పించుకున్నవే చేలల్లో పెరిగినాయి" అంట. ఫారం పిట్ట గుడ్డు పెడుతుంది గానీ పొదగదయ్యా! పదిహేడు, పద్దెనిమిది రోజులు మిషన్లో పెట్టాల్సిందే. చేలో పిల్లల్ని ఎట్లా లేపుతుంది?

విత్తనం వేసినప్పుడు కౌజు నాలుగు గింజలు ఏరుకుంటుంది, ఒప్పుకుంటా. ఆ గింజలకు బదులు ఏడాది పొడుగునా చెదలు, మిడతలు తింటుంది. మనం మందు డబ్బాకు పెట్టే డబ్బుతో లెక్కేసుకోండి.

చట్టం సంగతి కూడా వినండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి కౌజును పట్టినా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. చేలో పూరేడుకూ అంతే. ఫారం పిట్ట అనుకుని కొన్నాం అంటే కేసు పెట్టేవాడు నవ్వుతాడు. ఉరి పెట్టినోడు పక్క ఊరికి పోతాడు, సంచీతో దొరికేది మన పిల్లోడు.

మా రోడ్డు మీది ఢాబా ఆయన దగ్గరికి రేపు ఆదివారం పోతున్నా, ఆ బోర్డు మీద కౌజు కొట్టేసి జపాన్ పిట్ట అని రాయమని అడగడానికి. మన ఊరోళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తే బాగుంటుంది. పది గంటలకు రచ్చబండ దగ్గర ఉంటా.